తీగకు గుచ్చిన చీటీలు

నిచ్చెన మీద నిలబడి, చూరు కింద వాననీళ్లు పోయే గొట్టంలో పేరుకున్న ఆకుల్ని ఆమె దోసిళ్లతో ఎత్తి పడేస్తోంది. చలికాలమంతా నాని కుళ్లిన ఆకులు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కింద టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ భర్త తలెత్తి, "ఇది పదమూడోదేనా?" అని అడిగాడు. ఆమె అవునంది. అతను చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, టిక్కు పెట్టడానికి వంటింటి తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు. గొట్టంలో ఇంకా సగం ఆకులు ఉన్నాయి.

చలి తగ్గుముఖం పట్టగానే ఆ ఇంట్లో వంటింటి తలుపు మీద ఒక చీటీ వెలుస్తుంది. పాత క్యాలెండరు కాగితం వెనక వైపు వరస అంకెలు, పక్కన పనులు. ద్రాక్ష తీగ కత్తిరించడం, కంచె బిగించడం, కోళ్లగూడు కడిగి సున్నం వేయడం, కంబళ్లు ఉతికి ఎండేయడం, నారుమడి తవ్వడం. మామగారి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. అన్నీ అయ్యాక ఆ చీటీని తీసుకెళ్లి వెనక షెడ్డులో దూలానికి వేలాడే ఇనప తీగకు గుచ్చుతారు. గుచ్చారంటే ఆ ఏటికి అయిపోయినట్టే, ఇక దాని మాట ఎవరూ ఎత్తకూడదు. రాసేది మగవాళ్లు, టిక్కు పెట్టేది మగవాళ్లు, గుచ్చేది మగవాళ్లు. మధ్యలో కాస్త పని ఉంటుంది, అది ఆడవాళ్లు చేసేస్తారు.

మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. చీటీ మాత్రం ఒక్క ఏడు కూడా తప్పలేదు. భర్త పనిచేసే కరెంటాఫీసులో కూడా అతనికి పద్ధతి గల మనిషని పేరు. మొన్న ఎవరితోనో ఫోన్లో, ఈసారి తోట పని చకచకా లాగించేస్తున్నామని గొప్పగా చెప్పుకుంటుంటే, ఆమె ఆ పక్కనే సుత్తి దెబ్బకు కమిలిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటోంది.

ఆమెకు కావలసింది పది రోజులు. రెండు గంటల బస్సు దూరంలో ఉన్న నర్సరీలో ఏటా ఇదే సమయంలో అంటు కట్టడం నేర్పుతారు. అక్కడే ఉండి నేర్చుకోవాలి, బాగా చేసినవాళ్లను పనిలో పెట్టుకుంటారు. కొమ్మల్లో మొగ్గ ఉబ్బి, ఇంకా విచ్చుకోని ఆ కొద్ది రోజులే దానికి అదను. ఈ ఇంటి చీటీకీ అవే రోజులు. రెండేళ్లుగా ఆమె పేరు రాయించుకోవడం, చివర్లో రాలేనని ఫోన్ చేయడం. ఈసారి నర్సరీ మేడమ్ నవ్వుతూనే అంది, "మీ పేరు రాసి కొట్టేయడం నాకు అలవాటైపోయిందండీ. ఈసారి కూడా రాకపోతే ఇక రాయను. మొగ్గలు మీకోసం ఆగవు కదా."

సోమవారం ఉదయం ఏడింటి బస్సు. ఈరోజు ఆదివారం.

అంటు కట్టడం ఆమెకు బొత్తిగా తెలియనిది కూడా కాదు. పెరట్లో పుల్ల నారింజ మొక్కల మీద తీపి నారింజ కొమ్మలు తనంతట తనే కట్టి చూసింది. పదింట్లో ఏడు బతికాయి. మొదటి కాపు వచ్చినప్పుడు భర్త వాళ్ల ఆఫీసరుగారిని వెంటబెట్టుకొచ్చి, "మేమే అంటు కట్టామండీ" అన్నాడు. ఆఫీసరుగారు అతని భుజం తట్టాడు. ఆమె నారింజలు సంచీలో వేసి చేతికిచ్చింది. మూతి ముడుచుకుని ఇచ్చిందని ఆ సాయంత్రం మాట కూడా పడింది.

అతను వద్దనే మనిషి కాదు. అదే ఆమెకు వచ్చిన చిక్కు. "వెళ్లు, నేను వద్దన్నానా? లిస్టు అవగొట్టి హాయిగా వెళ్లు" అంటాడు. ఆ మాట అన్నప్పుడు చీటీలో పదహారు పనులు ఉన్నాయి. ఆమె తెల్లారకముందే లేచి, నడుం వాల్చకుండా చేసుకుంటూ పోయింది. ఎలాగూ చేతులు ఆడుతున్నాయి కదా అని అతను ఇంకో మూడు రాశాడు. తరవాత మరో మూడు. ఎంత ఊడ్చినా గాలి కొత్త ఆకులు తెచ్చి పోస్తున్నట్టే ఉంది ఆమెకు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట మీదే కంచె పని ఒక్క పూటలో ముగించింది.

మధ్యాహ్నం షెడ్డు సర్దడానికి వెళ్లింది. పద్నాలుగోది. పారలు, తట్టలు బయట పెట్టి దూలాల బూజు దులుపుతుంటే తీగ ఊగింది. అడుగున ఉన్న చీటీలు నాలుగు చిరిగి కింద పడ్డాయి. ఎప్పుడూ తలెత్తి చూడడమే కానీ చదివింది లేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పడినవీ తీగకున్నవీ ఒక్కొక్కటే చూసింది. అవే పనులు. అదే ద్రాక్ష తీగ, అదే కోళ్లగూడు. తన పెళ్లయిన ఏటిది కూడా కనపడింది. కోళ్లగూటికీ కంబళ్లకూ మధ్య ఏడో నంబరు, "కొత్త కోడలికి పనులు చూపించాలి." పక్కన ఎర్ర టిక్కు. ఆమెకు నవ్వొచ్చింది, కాసేపటికి ఆ నవ్వు పోయింది.

ఇంకా పాతది ఒకటి పసుపు పచ్చగా మాగిపోయి ఉంది. మామగారి చేతిరాత. ఇరవై పనులు, ఇరవై టిక్కులు. అన్నిటికన్నా కింద, "ఇంట్లో ఆవిడ కుట్టు క్లాసు, పనులయ్యాక." దాని పక్కన మాత్రం ఏమీ లేదు. మిగతావన్నీ మళ్లీ తిరగేసింది. అన్ని చీటీల్లోనూ టిక్కు లేనిది ఆ ఒక్కటే. అయినా తీగకు గుచ్చేశారు.

అత్తగారు వరండాలో చాటలో విత్తనాలు ఏరుతోంది. కోడలు వెళ్లి పక్కన కూర్చుని, "కుట్టు నేర్చుకుందామనుకున్నారా అత్తయ్యా?" అని అడిగింది.

పెద్దావిడ చేతులు ఆగాయి. "పక్క వీధిలో ఒకావిడ నేర్పేది. జాకెట్టు కత్తిరించే దాకా వచ్చాను" అంది. "పది రోజులు ఆగమన్నారు మీ మామగారు. ఆగాను." మళ్లీ విత్తనాలు ఏరసాగింది. తలెత్తకుండానే, "మర్చిపోయాననుకున్నానమ్మాయ్" అంది.

తనూ ఈ పెద్దావిడా ఇన్నేళ్లుగా ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా మాటలు అనుకున్నారు కానీ, ఈ మాట ఒక్కసారైనా అనుకోలేదు. అత్తగారి మీద జాలేసింది. ముప్పయ్యేళ్ల తరవాత ఇదే వరండాలో తను కూర్చుని ఎవరికో ఇలాగే జవాబు చెప్పడం తలచుకుంటే భయమేసింది. లేచి వెళ్లి, రెండు చీరలూ అంటు కట్టే చిన్న కత్తీ సంచీలో పెట్టుకుంది.

సోమవారం ఆరున్నరకు భర్త ఎర్ర పెన్నుతో వంటింట్లోకి వచ్చాడు. తలుపు మీద మేకు మాత్రమే ఉంది.

"లిస్టేదీ?"

"తీగకు గుచ్చేశాను" అంది ఆమె, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

"అదేంటి? ఎనిమిది పనులు మిగిలాయి కదా."

"మామగారు ఒకటి మిగిలినా గుచ్చేశారు. అత్తయ్యది."

అతను తల్లి వైపు చూశాడు, ఆవిడ కలగజేసుకుంటుందని. అత్తగారు పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "గుచ్చినదాన్ని మళ్లీ తీయకూడదురా. మీ నాన్న పెట్టిన పద్ధతే" అంది. కోడలితో, "బస్సు ఏడింటికి కదూ" అంది.

అతను వాకిట్లోకి చూశాడు. సగం కత్తిరించిన ద్రాక్ష తీగ, తవ్వని నారుమడి, ఎండేయని కంబళ్లు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

"మరి ఇవన్నీ ఎవరు చేస్తారు?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతని నోట రావడం అదే మొదటిసారి. దానికి జవాబు వెతకాల్సింది తను కాదు కనక, ఆమె సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంది.