గోవిందు ఉపవాసం

నేను ఒక ఆరడుగుల గాజు తొట్టిని. విశాఖపట్నంలో అద్దాలు కోసే ఒక షెడ్డులో ఐదు పలకలుగా ఉన్న నన్ను జిగురు పూసి ఒక్కటి చేశారు. అతికించినవాళ్ళు చుట్టూ తట్టి చూసి, ఏనుగు తన్నినా చలించదన్నారు. ఆ మాటకు పొంగిపోయాను. గోడ ఎంత గట్టిదైతే లోపల ఉన్నవాళ్ళకు అంత కష్టమని అప్పటికి నాకు తెలియదు.

నన్ను కొన్న నాగభూషణానిది మందుల వ్యాపారం. ఎవరో డాక్టరు గారింట్లో పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి చూసొచ్చి, అలాంటిది తన హాల్లో లేకపోతే అన్నం సయించదన్నాడు. ఆయన భార్య కనకం. బెల్లానికి చీమలు పడితే డబ్బా ఎండలో పెట్టి, ఆఖరి చీమ తనంతట తాను వెళ్ళిపోయేదాకా కాచుకుని కూర్చునే మనిషి. ఆవిడ తొట్టికి అడ్డు చెప్పలేదు గానీ ఒక షరతు పెట్టింది.

"ఫ్రిజ్జులో పెరుగుగిన్నె పక్కన చేపల మేతకని రొయ్యలు పెట్టడం నా వల్ల కాదండీ. ఆకులు తినే చేప ఉంటే తెండి. లేకపోతే ఆ తొట్టిలో మొక్కలేసుకుంటాను."

చేపలమ్మే దుకాణం అతనికి కావలసిందీ అదే. "ఉందండి మేడమ్ గారూ, ప్యూర్ వెజిటేరియను. నాసో అంటారు. రాళ్ళమీద నాచు గీక్కుని తింటాది, తొట్టి కూడా శుభ్రంగా ఉంటాది" అని జానెడు చేపను చూపించాడు. పెరిగితే అది మూరకు దగ్గరవుతుందనీ, సముద్రంలో పొద్దస్తమానం ఈదుతూ తిరుగుతుందనీ అతను చెప్పలేదు. వీళ్ళు అడగనూ లేదు. పెళ్ళిచూపుల్లో లోపాలు ఎవరు చెబుతారు?

బూడిదరంగు ఒళ్ళు, తాంబూలం వేసుకున్నట్టు ఎర్రటి పెదవులు, తోక మొదట్లో కత్తిమొనల్లాంటి ముళ్ళు. తెల్లారింది మొదలు ఆవులా మేస్తూనే ఉంటుందని కనకం దానికి గోవిందు అని పేరు పెట్టింది. చుట్టాలొస్తే ముందు గోవిందును చూపించాకే కాఫీ. "మా చేప కూడా నీచు ముట్టదు" అని ఆవిడ మురిసిపోతుంటే వాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఆవిడతోపాటు నేనూ మురిసిపోయాను.

కొన్నాళ్ళకు రాళ్ళమీది నాచు అయిపోయింది. దుకాణంలో ఎండబెట్టిన సముద్రపు నాచు అమ్ముతారు. నాగభూషణం తెచ్చాడు. కనకం పొట్లం విప్పి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "పేరుకు ఆకే గానీ వాసన మాత్రం చేపల బజారుదే" అని దాన్ని గూట్లో వెనక్కి నెట్టి, పాలకూర ఉడికించి పెట్టడం మొదలుపెట్టింది. గోవిందు తిన్నది. ఆకలి రుచి ఎరుగదంటారు కదా. అది ఇష్టంగా తింటోందని ఇంటిల్లిపాదీ సంతోషించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కనకం ఏకాదశులు తప్పకుండా ఉంటుంది. పచ్చి మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టదు. ఒక ఏకాదశి నాడు నా ముందు నిలబడి, "మన ఇంట్లో పుట్టకపోయినా మన ఇంటి ప్రాణే కదా. మూగజీవికి మాత్రం పుణ్యం వద్దా?" అన్నది. ఆ రోజు నుంచి ఏకాదశికి గోవిందుకూ ఉపవాసమే. విన్నవాళ్ళందరూ చేతులు జోడించారు. కార్తీకం రాగానే సోమవారాలూ తోడయ్యాయి. సోమవారం సాయంత్రం చుక్కలు చూసి ఆవిడ భోంచేసేది. అప్పటికి నా దీపాలు ఆర్పేసి ఉండేవి.

గోవిందు పొడుగైతే పెరిగింది గానీ కడుపు లోపలికి పోయింది. కళ్ళ చుట్టూ చిన్న చిన్న గుంటలు పడ్డాయి. నా ఈ చివర నుంచి ఆ చివరకు దానికి నాలుగు తోకదెబ్బల దూరం. అక్కడ ముక్కు నాకు కొట్టుకునేది, తిరిగేది, మళ్ళీ కొట్టుకునేది. కాస్త వెనక్కి జరుగుదామంటే నాకు కాళ్ళు లేవు. దేవుడు నాకు పారదర్శకత ఇచ్చి దారి ఇవ్వలేదు. తాకిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

ఆకలికి తాళలేక అది పగడాలు కొరకసాగింది. నాగభూషణం విసుక్కున్నాడు. కనకం మాత్రం, "ఉపవాసం నాడు ఈ చిరుతిళ్ళేమిటి గోవిందూ" అని ముద్దుగా మందలించింది.

ఒక కార్తీక సోమవారం నాగభూషణం చెల్లెలు భ్రమరాంబ విజయనగరం నుంచి వచ్చింది. చేపల గురించి ఆవిడకు తెలిసిందేమీ లేదు. కాఫీ గ్లాసుతో నా ముందు నిలబడి చూసింది.

"ఏటి వదినా, ఇది ఇలాగ చిక్కిపోయింది?"

"ఇవాళ ఉపవాసం కదమ్మా."

"ఎవరికి? దీనికా?" భ్రమరాంబ నవ్వలేదు. "చుక్కలు చూసి నువ్వు తింటావు. మరి దీనికి చుక్కలు ఎవరు చూపిస్తారు వదినా?"

కనకం ముఖం చూడలేకపోయాను. ఆవిడ గూట్లోంచి ఆ నాచు పొట్లం తీసింది. ఈసారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఒక రేకు నా గోడకు తగిలించింది. గోవిందు దాన్ని చింపుకుని తింటుంటే, చేత్తో నన్ను ఆనుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత పూటపూటకూ నాచు పెట్టింది. "దీన్ని చాలా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకి ఇచ్చేద్దామండీ, ఇది ఇక్కడ తిరగలేకపోతోంది" అని భర్తను బతిమాలింది. "కార్తీకం వెళ్ళనీ, చూద్దాం" అన్నాడు ఆయన. కార్తీకంలో ఇంటి ప్రాణిని బయటికి పంపితే బాగుండదట. ఆ మాట ఆవిడ కాదనలేకపోయింది. అంతకు ముందు అలాంటి మాటలన్నీ ఆవిడవే మరి.

నెల వెళ్ళకముందే ఒక ఉదయం గోవిందు నా మూలకు ఒరిగి ఉంది. ఆ ఎర్రటి పెదవులు నాకే ఆనుకుని ఉన్నాయి. కనకం రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. చేతిలో నాచు రేకు అలాగే ఉంది. పెరట్లో కరివేపాకు చెట్టు కింద ఆవిడే గుంట తవ్వింది. భర్త సాయం వస్తానంటే వద్దన్నది.

దుకాణం అతను ఇంకొక చేపను పంపుతానన్నాడు. కనకం వద్దన్నది. నాగభూషణం నన్ను అమ్మేద్దామన్నాడు. దానికీ వద్దన్నది. "ఎవరింటికి పంపినా వాళ్ళు ఇందులో మళ్ళీ ఒక ప్రాణిని పెడతారు." ఆ మాటకు నాకు కాస్త నిద్రపట్టింది. నీళ్ళు తోడేశారు. నేను హాల్లోనే ఉండిపోయాను.

తర్వాత వచ్చిన ఏకాదశి నాడు ఆవిడ వంటచేసింది. కంచం తెచ్చుకుని నా ఎదురుగా నేలమీద కూర్చుని అన్నం వడ్డించుకుంది. నాగభూషణం గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇవాళ ఏకాదశి కదే."

"తెలుసండి."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ ముట్టలేదు నువ్వు."

"ఏకాదశి నాడు పాపాలన్నీ వచ్చి అన్నంలో కూర్చుంటాయంటారు. ఆ భయానికే మానేసేదాన్ని." కనకం ముద్ద కలిపింది. "ఇప్పుడు మానేసి ఏం లాభమండీ, పాపం లోపలే ఉంది."

పప్పుతో తిన్నది, చారు పోసుకుని తిన్నది. మెతుకు మిగల్చలేదు.