ఎర్ర పెయ్యకు రెండు దోసిళ్లు

కాటా ముల్లు కాస్త ఎక్కువ ఊగేసరికి పిన్ని గంపలోంచి పిడికెడు దాణా తీసి తిరిగి బస్తాలో వేసింది. పశువుల పరిశోధన కొట్టంలో దాణా తూచి పెట్టడం ఆమె పని. అక్కడ చిన్నా పెద్దా అంతా ఆమెను పిన్ని అనే పిలుస్తారు. అది విని విని ఇంట్లో మొగుడు కూడా ఒకసారి నోరుజారి "పిన్నీ, కాసిన్ని నీళ్లియ్యి" అన్నాడు.

కొట్టంలో ఒక వరుస కోడెలు, ఒక వరుస విత్తు కొట్టించిన ఎడ్లు, గోడ వారగా పెయ్యలు. ప్రతి వరుసలోనూ కొన్నింటికి నిండు దాణా, కొన్నింటికి సగం. చివరికి కోసి, దేని ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఎముక ఎంత అని చూస్తారు.

పెయ్యల్లో చివరిది ఎర్రది. దానిది సగం దాణా. తన తొట్టి నాకేసి, పక్కదాని తొట్టి వైపు మెడ సాచి, అందక పిన్ని మోచెయ్యి నాకేది. పుట్టింట్లో అన్నలు తిని లేచాక గిన్నె అడుగు గీక్కుని తిన్న మనిషి ఆమె. చప్పుడు కాకుండా గీకడం కూడా ఆమెకు తెలుసు. పైగా బక్కవాటిని ముందు ఏరేస్తారని ఆమె భయం. అందుకే కొన్నాళ్లుగా కొంగు చాటున దానికి రెండు దోసిళ్లు ఎక్కువ వేస్తోంది.

"తినవే తల్లీ, ఎవరూ చూడట్లేదులే" అంది ఇవాళ కూడా.

కాసేపటికి పశువుల డాక్టరమ్మ, కొవ్వు మందం చూసే మిషను పట్టుకుని వచ్చింది. ఎర్రదాని వీపు మీద ఒకసారి ఆనించి, నమ్మకం కుదరక మళ్లీ ఆనించింది.

"సగం దాణాతో ఇంత కొవ్వా!"

"మంచిదే కదమ్మా!" పిన్ని ముఖం విప్పారింది.

"కోడెలకి పెడితే కండ పడుతుంది పిన్నీ, పెయ్యలకి తొందరగా కొవ్వు పడుతుంది. కొవ్వు ఇంత పట్టిందంటే ఇక కోతకి పంపేయడమే. దీన్నీ ఇవాళే బండెక్కించేద్దాం."

"బక్కవి కదమ్మా ముందు పోయేది?"

"ఎవరన్నారు? ఒళ్లు చేసేదాకా బక్కవి ఇక్కడే ఉంటాయి."

 పిన్ని కొంగు నలుపుకుంటూ నిలబడి, ఉన్నట్టుండి అనేసింది: "దానికి నేనే దొంగతనంగా పెట్టానమ్మా. నన్ను పనిలోంచి తీసెయ్యండి. దాన్ని మాత్రం ఉంచండి."

డాక్టరమ్మ మిషను కింద పెట్టి కళ్లు నులుముకుంది.

"ఎంత పని చేశావు పిన్నీ! ఇక అది మా పరీక్షకే పనికిరాదు. పనికిరానిదాన్ని అసలే ఉంచరు." తిట్టలేక ముఖం తిప్పుకుంది. "ఇక నువ్వు కొట్టం కడిగే పనికి వెళ్లు. దాణా ఇంకొకరు చూస్తారు."

బండి వచ్చింది. "ఏం పిన్నీ, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఆ ముఖమేంటి?" అన్నాడు డ్రైవరు.  తక్కిన పశువులు బండికి ఆనించిన బల్ల ఎక్కకుండా మొరాయించాయి. ఎర్రది మాత్రం పిన్ని చేతికంటిన దాణా వాసన చూసుకుంటూ, వెనకాలే బుద్ధిగా ఎక్కేసింది.

సాయంత్రం డాక్టరమ్మకు కబేళా నుంచి ఫోను వచ్చింది. మాట్లాడి, పిన్ని వైపు చూసి, అయిపోయిందన్నట్టు తల ఊపింది.

పిన్ని చీపురు తీసుకుని ఎర్రది ఉండిన చివరి తొట్టి దగ్గరికి వెళ్లింది. అక్కడ గోడకు వేలాడదీసిన ఉప్పుగడ్డ, ఎర్రది నాకిన వైపు మాత్రం లోపలికి అరిగి, నాలుక పట్టేంత గుంట పడి, నున్నగా మెరుస్తోంది.