మొహం తిప్పుకునే అలవాటు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఆవిడకే సరిగ్గా గుర్తుండేది కాదు. పెద్దా చిన్నా అందరికీ పరుపులక్కే. పాత పరుపులు తెచ్చి పడేస్తే గలీబు విప్పి, గడ్డకట్టిన దూది నేల మీద కుప్ప పోసి, బెత్తంతో కొట్టి విడదీసి, కొత్త గలీబులో కూరి ఇచ్చేది. దాని చుట్టూ కుట్టు పని పిన్నిది. పిన్నంటే చుట్టమేమీ కాదు. ఇరవై ఏళ్లుగా ఆ దుకాణం మూలన కూర్చుని జానెడు సూదితో పరుపులు కుడుతూ అందరికీ పిన్ని అయిపోయింది.

ఇప్పుడు ఆ మూల ఉంది, పిన్ని ఉంది, సూది లేదు. రోడ్డు వెడల్పు చేస్తాం, ఇళ్లు ఖాళీ చెయ్యండి అని నోటీసులొచ్చినప్పుడు వీధి వీధంతా వెళ్లి ఆఫీసు ముందు కూర్చుంది. పరుపులక్కకి ఆ రోజు ఆర్డరు తొందర. దుకాణం తరఫున పిన్నే వెళ్లింది. పోలీసులు లాఠీలు ఎత్తారు. పిన్ని తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది, కుడి మణికట్టు విరిగింది. విరిగిన చేత్తోనే వ్యానెక్కించి, ఎక్కడో ఖాళీ బడిలో రెండు రోజులు నేల మీద కూర్చోబెట్టారు. డాక్టరు కావాలంటే, వస్తాడు కూర్చో అన్నారు. వచ్చేసరికి ఆలస్యమైంది, ఎముక తర్వాత తన ఇష్టమొచ్చినట్టు అతుక్కుంది. ఇప్పుడు ఆ వేళ్ల మధ్య సూది నిలవదు. ఉదయం వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, వెళ్లిపోతుంది. ఇంట్లో ఉంటే మాత్రం ఏం చెయ్యాలి అంటుంది.

ఆ మధ్యాహ్నం లాఠీ దెబ్బల కేసు వాదిస్తున్న లాయరమ్మ వచ్చింది. ఆవిడ కళ్ల కింద నలుపు చూస్తే ఈ కేసు పెట్టింది ఆవిడా, ఆవిడ మీద పెట్టారా అనిపిస్తుంది.

"రేపటితో విచారణ అయిపోతుందండీ. బలప్రయోగం జరిగిందని వాళ్లే ఒప్పుకున్నారు. ఎవరు చేశారో తెలియదంటున్నారు. అందరికీ హెల్మెట్లు. నంబరు పట్టీల మీద టేపు. ఎవరో ఒకరు గుర్తుపట్టకపోతే ఫైలు మూసేస్తారు" అంది. మేడ మీద నుంచి ఎవరో తీసిన వీడియో దొరికిందని ఫోను ఇద్దరి మధ్యా పెట్టింది.

పిన్ని చూడలేదు. "నేను చూసిందే కదమ్మా" అంది.

పరుపులక్క చూసింది. పొగ, పరుగులు, తలకి కొంగు చుట్టుకుని కింద కూలబడ్డ ఒక మనిషి, ఎదురుగా నల్ల హెల్మెటు వాడు. లాఠీ లేచింది. దిగే క్షణంలో హెల్మెటు ఎడమ భుజం వైపు తిరిగింది. దెబ్బ పడ్డాక మళ్లీ ముందుకి వచ్చింది. రెండో దెబ్బకీ అంతే. మూడోదానికీ అంతే.



దూది కొట్టేవాళ్లు తప్ప అలా ఎవరూ కొట్టరు. దెబ్బ పడగానే దుమ్ము రేగి నేరుగా ముక్కులోకి వస్తుంది. నాన్న పోయినప్పుడు, మీ నాన్న ఊపిరితిత్తుల్లో తలగడకి సరిపడా దూది ఉందమ్మా అన్నాడు డాక్టరు. అది సరసమో సంతాపమో ఈ రోజుకీ ఆవిడకి తెలియలేదు. ఆ తర్వాత బెత్తం పట్టిన తమ్ముడికి ఆవిడ మొట్టమొదట నేర్పిన పాఠం అదే. కొట్టేటప్పుడు మొహం పక్కకి తిప్పరా, పెదాలు బిగించరా. తిప్పకపోతే వీపు మీద ఒకటి వేసేది. వాడు పోలీసు ఉద్యోగంలో చేరే దాకా ఈ దుకాణంలో రోజూ అలాగే కొట్టాడు. నంబరు దాచాడు, మొహం దాచాడు. అక్క నేర్పింది దాచడం వాడికి తోచలేదు. నేల మీద కూలబడ్డ ముసలి పిన్ని ఒంట్లోంచి ఏం దుమ్ము రేగుతుందని తిప్పాడు?

"ఎవరైనా తెలిసినవాళ్లలా ఉన్నారాండీ?" అంది లాయరమ్మ.

"ఒకసారి నా ఫోనుకి పంపండి. తీరిగ్గా చూస్తాను" అంది పరుపులక్క.  కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఆవిడకి కోపం కూడా సరిగ్గా రాలేదు. బాగా అలిసిపోయినట్టనిపించి దూది కుప్ప మీద కూర్చుండిపోయింది.

లాయరమ్మ వెళ్లాక కాసేపటికి తమ్ముడు వచ్చాడు. సెలవు రోజున వచ్చి ఒక గంట బెత్తం పట్టడం వాడికి మొదట్నుంచీ అలవాటు. ఆరడుగుల మనిషి, గడప దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. చేతిలో నొప్పులకి రాసుకునే మందు.

"చెయ్యెలా ఉంది పిన్నీ?"

"ఉంది నాయనా, భుజానికి వేలాడుతూ."

"మావాళ్లలో ఉంటార్లే కొందరు వెధవలు" అని మందు సీసా ఆవిడ ఒళ్లో పెట్టాడు.

వాడు నటించడం లేదు.  కొట్టింది ఎవరినో నిజంగానే వాడికి తెలియదు.

"ఆ కుప్ప కొట్టరా" అంది.

చొక్కా విప్పి మేకుకి తగిలించి బెత్తం అందుకున్నాడు. దెబ్బ పడింది, మొహం తిరిగింది.

"ఈసారి మొహం తిప్పకుండా కొట్టు."

"దుమ్ము కొడుతుందే."

"కొట్టనీ. చూస్తూ కొట్టు."

నవ్వి, మళ్లీ ఎత్తాడు. దెబ్బ దిగేసరికి మొహం దానంతటదే తిరిగింది. మూడోసారి మెడ బిగబట్టి ప్రయత్నించాడు. అప్పుడూ తిరిగింది. "నువ్వు నేర్పిందేగా, పోదు" అన్నాడు.

పరుపులక్క లేచి ఫోను వాడి చేతికిచ్చింది.

వాడు చూశాడు. ఒకసారి చూసి, వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. బెత్తం ఎప్పుడు జారిందో ఎవరూ గమనించలేదు. మూల వైపు తిరిగాడు.

"అది నువ్వా పిన్నీ?"

"నేను కింద నుంచి చూస్తూనే ఉన్నాను నాయనా" అంది పిన్ని. "నువ్వే చూడలేదు."

అంటే పిన్నికి మొదటి రోజునుంచీ తెలుసు. ఇన్నాళ్లూ ఆ మూలన కూర్చుని, వాడు తెచ్చిన పళ్లు తింటూ, వాడి పిల్లల చదువులు అడుగుతూ ఆ మాట మాత్రం బయటపెట్టలేదు. పరుపులక్క ఆవిడ మొహం వైపు చూడలేకపోయింది.

"ఆర్డరక్కా" అన్నాడు వాడు. "నేనొక్కణ్ణేనా, అందరం కొట్టాం."

"అందరి సంగతి వాళ్లని పెంచినవాళ్లు చూసుకుంటారు. రేపు నువ్వే వచ్చి చెప్పు. చెప్పకపోతే నేను చెబుతా."

"ఉద్యోగం పోతుంది. జైలు కూడా."

"పోతుంది."

"మరి పిల్లలో?"

"దుకాణం ఉంది. నేనింకా ఉన్నాను."

"పోనీలే అమ్మాయ్" అంది పిన్ని. "వాణ్ణి ఏడిపిస్తే ఎముక సరవుతుందా?"

"కాదు పిన్నీ. చెప్పకపోతే మాత్రం రేపు నీ ఎదురుగా కూర్చుని నేను దూది కొట్టలేను."

వాడు చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోకుండానే వెళ్లిపోయాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అనుకుంది ఆవిడ. అలా అనుకుంటే ఏమన్నా తేలికవుతుందేమోనని చూసింది, కాలేదు.

విచారణ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. విచారణ జరిపే పెద్దాయన ముందు కాగితాలు, కళ్లజోడు, సగం తాగిన టీ. ఒక పోలీసాఫీసరు లేచి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేదని మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. లాయరమ్మ వెనక్కి తిరిగింది. పరుపులక్క కూడా తిరిగి చూసింది. చివరి వరసలో తమ్ముడున్నాడు, మామూలు బట్టల్లో, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని. వస్తాడనుకోలేదు. వచ్చాడు కదా, లేస్తాడని ఎదురుచూసింది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకునేంత సేపు చూసింది. వాడు లేవలేదు.

ఆవిడే లేచింది.

"నాకు తెలుసండీ."

"హెల్మెట్టుంది కదమ్మా, ఎలా గుర్తుపట్టారు?"

"దెబ్బ దిగేటప్పుడు మొహం తిప్పాడండీ. అలా తిప్పడం నేర్పింది నేనే. మా తమ్ముడు."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్దాయన పెన్ను తీసుకుని, పేరు చెప్పండి అన్నాడు.

పుట్టినప్పుడు వాడికి ఆ పేరు పెడదామని పట్టుబట్టింది తనే. ఆ పేరు చెప్పింది. చివరి వరసలో తమ్ముడు పెదాలు బిగించి, మొహం ఎడమ భుజం వైపు తిప్పుకున్నాడు. పరుపులక్క వాడినే చూస్తూ మిగతాదంతా చెప్పింది.