సున్నా ఎర్రర్లు

తప్పులు తీసెయ్యడం చూపిస్తానని భూషణం సారు చేసిన పని త్రివేణికి మింగుడుపడలేదు.

ఉప్పల్‌లో టైర్ల దుకాణం పైనున్న కంప్యూటర్ సెంటర్ అది. ఆరు నెలల్లో గేములు తయారుచేయడం నేర్పుతామన్న బోర్డు చూసి, నాచారం ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మగ్గులు పరీక్షించే ఉద్యోగం మానేసి మరీ చేరింది త్రివేణి. రెండువేల ఆరులో అలాంటి బోర్డులకు కొదవ లేదు. ఇవాళ ఆఖరి రోజు. నాలుగు గంటలలోపు ప్రాజెక్టును ఒక్క ఎర్రరూ లేకుండా చూపిస్తేనే సర్టిఫికెట్. అది చేతిలో ఉంటేనే సోమవారం ఒక గేమ్ కంపెనీ పెట్టే పరీక్షకు రానిస్తారు. లేదంటే మళ్లీ మగ్గులే.

ఆమె రాసింది చిన్న ఆట. కోడి అటూ ఇటూ పరుగెత్తి పైనుంచి రాలే గింజలు ఏరుకోవాలి. నడిపించబోతే కంప్యూటర్ అరవై మూడు ఎర్రర్లు చూపించింది. సారును పిలిచింది. ఆయన వచ్చి, ఎర్రర్ ఉన్న ప్రతి వరుస ముందూ రెండు ఏటవాలు గీతలు పెట్టుకుంటూ పోయాడు. ఆ గీతలున్న వరుసను కంప్యూటర్ అసలు లెక్కలోకే తీసుకోదు. చదవని చోట తప్పెలా పట్టుకుంటుంది? పది నిమిషాల్లో అరవై మూడు కాస్తా సున్నా అయింది. ఆట నడిపితే నల్లటి తెర వచ్చింది. కోడీ లేదు, గింజా లేదు.

సున్నా వచ్చింది కదా అంటూ సర్టిఫికెట్ ఆమె ముందు పెట్టి, సంతకానికి పెన్ను తీశాడాయన.

త్రివేణి పక్క కంప్యూటర్ల వంక చూసింది. రంజిత్ తెరా నలుపే, పద్మశ్రీ తెరా నలుపే. ఇద్దరూ సర్టిఫికెట్లు పట్టుకుని మురిసిపోతున్నారు. పైన పటారం, లోన లొటారం. ఫ్యాక్టరీలో వెంట్రుకంత పగులున్న మగ్గునైనా ఆమె పక్కన పడేసేది. ఇక్కడ అడుగే లేని మగ్గుకు ముద్ర వేస్తున్నారు. రోత పుట్టింది. నోరు మూసుకుని కూర్చున్న తన ఆర్నెల్ల మీద కూడా పుట్టింది.

సంతకం ఆపమని చెప్పి గీతలన్నీ చెరిపేసింది. అరవై మూడూ తిరిగొచ్చాయి. ఈసారి మొట్టమొదటిది మాత్రమే నిదానంగా చదివింది. తెరిచిన బ్రాకెట్ ఒకటి మూయడం మరిచింది. మూస్తే అరవై మూడు తొమ్మిదయ్యాయి. మొదటి తప్పు పట్టుకుంటే మిగతావి చాలావరకు దాని పిల్లలేనని ఇన్నాళ్లలో ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు. ఒళ్లు మండింది. ఒక్కోటీ సరిచేస్తూ పోయింది. నాలుగయ్యేసరికి ఒకటి మిగిలింది.

టైమైపోయింది, ఆ ఒక్కదానికీ గీతలు పెట్టెయ్, సోమవారం చెడగొట్టుకోకు అన్నాడు సారు.

"పెడత సర్. ముందుగాల ఈ ఎర్రర్ ఎందుకొచ్చిందో మీరు చెప్పున్రి," అంది త్రివేణి.

భూషణం తెర మీదికి వంగాడు. అందులోని ఇంగ్లీషు వాక్యాన్ని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. మూడోసారీ చదివాడు. చివరికి చెయ్యి మెల్లగా కీబోర్డు మీదికి పోయి, ఆ వరుస ముందు రెండు గీతలు పెట్టింది.

"నాకూ ఇలాగే నేర్పారమ్మా," అన్నాడు చిన్నగా.

జాలిపడాల్సిన మాటే. త్రివేణికి జాలి కలగలేదు. ఈయన చేతికింద ఎన్ని బ్యాచ్‌లు దాటిపోయాయో, వాళ్లలో ఎందరు ఇప్పుడు ఇంకోచోట సార్లయి కూర్చున్నారో తలచుకుంటేనే అసహ్యం వేసింది. గీతలు చెరిపింది. సర్టిఫికెట్‌ను ఆయన వైపు జరిపి, పక్కనున్న కుర్చీ లాగింది.

"సోమవారం పోతే పోనీ సర్. కూసోండ్రి. ఇది ఎందుకొచ్చిందో ఇయ్యాల మీరు గూడ నేర్సుకోండ్రి."