చీమల పరీక్ష

నేను ఒక ఎర్రమూత ప్లాస్టిక్ డబ్బాని. అచ్చులోంచి ఊడిపడగానే నాకు సీలు వేశారు. నాలో ఒక్క క్రిమి కూడా లేదని కవరు మీద గొప్పగా రాశారు. ఇంత శుభ్రంగా పుట్టినదాన్ని మనుషులు దేనికి వాడతారో అనకాపల్లిలో ఒక మందుల షాపుకి చేరాక తెలిసింది.

నన్ను కొన్నవాడు సూరప్పడు. బెల్లం మార్కెట్లో దిమ్మ గిల్లి, నాలుక మీద వేసుకుని, సరుకు ఏ రకమో చెప్పడం అతని పని. ముప్పై ఏళ్లుగా అతను ‘మొదటి రకం’ అంటే తప్ప వేలంపాట ఊపందుకునేది కాదు. అలాంటివాడికి వారం రోజులుగా మూత్రంలో మంట. గంటకు నాలుగుసార్లు పరుగు. డాక్టరు పరీక్ష రాశాడు. ఒకటి చేజారితే ఇంకొకటి ఉంటుందని సూరప్పడు రెండు డబ్బాలు కొన్నాడు. నా తమ్ముడు ల్యాబుకి వెళ్లాడు. రిపోర్టు రెండు రోజులకు గానీ రాదన్నారు.

షుగరని తేలితే నాలుక మీద బెల్లం పెట్టకూడదు. బెల్లం పెట్టని నాలుకకు మార్కెట్లో ఏం పని? ఈ భయం సూరప్పణ్ణి కూర్చోనివ్వలేదు. మూత్రానికి చీమలు పడితే షుగరున్నట్టేనని తాత చెప్పిన మాట గుర్తొచ్చింది. మార్కెట్ నుంచి వస్తూనే నన్ను నింపాడు. ల్యాబులో చూసిన పద్ధతిలోనే, చెరగని పెన్నుతో నా ఒంటిమీద ‘సూరప్పడు, 54, మూత్రం’ అని రాశాడు. మూత తీసి పెరటి గోడ మీద పెట్టి, ఎదురుగా పీట వేసుకున్నాడు.

మూడింటికి మొదటి చీమ వచ్చింది. మూడుంబావుకి దండు దిగింది.

“ఒలే రత్నం! అయిపోనాదే! నా నాలిక పని అయిపోనాది!” అని పెళ్లాన్ని కేకేశాడు సూరప్పడు.

నిజం నాకు తెలుసు. పొద్దుట్నుంచి బెల్లం గిల్లిన చేతులతో నన్ను పట్టుకున్నాడు. చీమలు నాకుతున్నది నా ఒంటిని. లోపలికి ఒక్కటీ తొంగిచూడలేదు. చెబుదామంటే నాకు నోరుంది గానీ గొంతు లేదు.

మర్నాడు మార్కెట్లో సూరప్పడు అలవాటు కొద్దీ ప్రతి దిమ్మనీ గిల్లాడట. ఒక్క ముక్కా నోట్లో వేసుకోలేదట. ఒక వ్యాపారి తానే రుచి చూసి మూడో రకాన్ని మొదటి రకమన్నాడు. రైతులు నవ్వారు, కొనేవాళ్లు తిట్టారు, పాట ఆగింది. సూరప్పడు సరుకు మోసే కళాసీలందరి దగ్గరా కడసారి సెలవు తీసుకుని ఇంటికొచ్చాడు.

అతని భార్య నూకరత్నం నన్ను ఒంపేసింది. సబ్బుతో తోమి, కుళాయి నీళ్లు నింపింది.

“ఇది ఒకపాలి పట్టుకో.”

పట్టుకున్నాడు. గోడ మీద పెట్టింది. పది నిమిషాల్లో మళ్లీ దండు.

“సూసేవా మావా? మున్సిపాలిటీ కుళాయికీ షుగరే! ముందు ఆ సేతులు కడుక్కో.”

సూరప్పడు నావైపు, కుళాయివైపు మార్చి మార్చి చూశాడు.

“కుళాయికే షుగరుంటే, ఆ నీళ్లు తాగే నాకు ఉండదేటే?”

నూకరత్నం నెత్తి కొట్టుకుంది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. షుగరు లేదు. ఇన్ఫెక్షన్.

“పగలు నీళ్లు తాగవా?” అని అడిగాడట డాక్టరు.

“తాగితే పాట మజ్జిలో లెగాల బాబూ!”

“తాగకే ఈ తంటా.”

ఐదు రోజుల మాత్రలతో మంట పోయింది. ఆరో రోజు సూరప్పడు మొదటి రకం బెల్లం ముక్క ఒకటి నాలో వేసి, తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాడు. ఆయన నా ఒంటిమీది రాత చదివాడు. లోపలున్న గోధుమరంగు గడ్డను చూశాడు. కుర్చీలోంచి లేచాడు.

“ఎప్పట్నుంచి ఇలా వస్తోంది?”

“ఇయాళే వచ్చింది బాబూ. ఒక ముక్క నోట్లో ఏసుకోండి.”

ప్రస్తుతం నేను డాక్టరు గారి చెత్తబుట్టలో ఉన్నాను. మూత ఊడిపోయింది. అదిగో, మొదటి చీమ వచ్చింది. ఈసారి అది తిన్నగా లోపలికే దిగింది.