గల్లీ నడుమ ఇనుప కంబాలు

గుద్దినంక డ్రైవరు కారు దిగిండు. దిగి ముందుగాల బంపరు చూసుకున్నడు. గీత పడ్డ కాడ బొటనవేలితోని రుద్ది, పోతదా పోదా అని వంగి చూసిండు. ఆ తర్వాతనే మోరీ పక్కన పడి ఉన్న భీమయ్య దిక్కు మొఖం తిప్పిండు.

మంగమ్మ ఇదంతా కండ్లార చూసింది. కాలనీల పొద్దటి పని ముగించుకొని, గల్లీల మిరపకాయ తొడిమలు తీస్తున్న ఆడోళ్ల నడుమ అప్పుడే కూసున్నది. భీమయ్య నీళ్ల బిందెను సైకిలు మీద పెట్టి తోసుకుంట వస్తుండు. బాయిల జీవితమంతా బొగ్గు తవ్వి రిటైరైన మనిషి, మెల్లగ నడుస్తడు. మలుపు కాడ తెల్లకారు దూసుకొచ్చింది. హారన్ కొట్టింది గానీ బ్రేకు కొట్టలే. బిందె ఒక దిక్కు, సైకిలు ఒక దిక్కు, ముసలాయన ఒక దిక్కు పడ్డరు. కారు మిరపకాయల కుప్ప మీదికెళ్లి పోయి ఆగింది. కాయలు చిట్లి ఘాటు లేచి గల్లీ అంత దగ్గు, తుమ్ములు.

వెనక సీట్ల ఉన్న కాలనీ ఆయన అద్దం దించిండు. "రోడ్డు మీద కూసుంటరా? ఇది రోడ్డా, మీ వాకిలా?"

"రెండూ," అన్నది మంగమ్మ.

ఆయన అద్దం ఎక్కించుకున్నడు, డ్రైవరు మళ్ల ఎక్కిండు. కారు పోయింది.

ఇల్లందుల ఒక చివరన ఉన్న ఆ జాగను లాంతరు బస్తీ అంటరు. చేతిల దీపం పట్టుకొని బొగ్గు బాయిలల్లకు దిగిన తాతలు కట్టుకున్న ఇండ్లు అవి. పక్కనున్న లంబాడ తండా పెరిగి పెరిగి బస్తీల కలిసిపోయింది. దుకాణాలు పెట్టుకున్న తురక కుటుంబాలు గల్లీ మొదట్ల ఉంటయ్. ఎవరికైనా ఒక అర్ర, ఒక వంటిల్లు. మిగిలిన బతుకంత గల్లీలనే. కాయలు ఒలిచేది గల్లీల, పెండ్లి పందిరి వేసేది గల్లీల, ఎండాకాలం ముసలోళ్ల మంచాలు గల్లీల.

బస్తీ అవతల ఉన్న మామిడి తోటను కాంట్రాక్టర్ రామ్‌చందర్ నరికించి, ప్లాట్లు చేసి, చుట్టు గోడ లేపి కాలనీ అన్నడు. కాలనీకి సొంత తోవ ఉన్నది. అయితే అది చుట్టు తిరిగి పోయే తోవ. బస్తీ గల్లీలకెళ్లి దూరితే జల్దీ చేరొచ్చు. అందుకే కార్లన్నీ గల్లీలకెళ్లే.

మంగమ్మకు మంట పుట్టించేది ఇంకొకటున్నది. రోజూ ఆ కాలనీల అంట్లు తోమేది ఆమెనే. కాలనీ గేటు దాటంగనే స్పీడ్ బ్రేకరు, మళ్ల నాలుగిండ్లకొకటి. "మెల్లగ పోవలెను, పిల్లలు ఆడుకొందురు" అని బోర్డు. గేటు బయట బాణం లెక్క ఉరికొచ్చిన కారు, గేటు లోపలికి పోంగనే కొత్త పెండ్లికూతురు లెక్క అడుగులేస్తది. గోడకు ఇవతల ఉన్నోళ్లు వాళ్ల లెక్కల మనుషులు కారు.

దవాఖానల భీమయ్య తుంటి ఎముక విరిగిందన్నరు. ఠాణాకు పోతే, "ముసలాయనకు రోడ్డు మీద ఏం పని?" అని అడిగిన్రు. కేసు రాస్తమన్నరు. రాయలే.

ఆ పొద్దుగూకి బస్తీ అంత నల్లా కాడ జమైంది.

"యాడీ, నువ్వే చెప్పు," అన్నడు మంగమ్మ కొడుకు జైరాం. ఓపెన్‌కాస్టు గనిల కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతడు. "మనుషులు తిరిగే జాగల డంపర్ జోరుగ తోలితే నన్ను పనిల నించి తీసేస్తరు. మట్టి గుట్టల కాడున్న కానూను మన ఇండ్ల కాడ ఎందుకు లేదు?"

"స్పీడ్ బ్రేకర్ల కోసం మునిసిపాలిటీకి ఇంకో దరఖాస్తు పెడదాం," అన్నడు తండా పెద్ద బద్యా.

"ఎన్ని పెట్టినం తాతా? మనకు చదువు రాదనుకొని వాళ్లు పక్కన పడేస్తరు," అన్నది ప్రమీల. మంగమ్మ పక్కింటామె, మాట పడనిది.

జానీ మియా ముందటికొచ్చిండు. గల్లీ మొదట్ల గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ దుకాణం ఆయనది. "అడుగుడు అయిపోయింది. నా దుకాణం ఎనక సిమెంటున్నది, కంకరున్నది. మనమే వేసుకుందాం," అన్నడు.

ఆదివారం నాడు వేసుకున్నరు. జైరాం పార పట్టిండు, మంగమ్మ సిమెంటు కలిపింది, జానీ మియా రేకు పెట్టి నున్నగ గుంజిండు. మూడు స్పీడ్ బ్రేకర్లు లేచినయ్. కార్లు మెల్లగైనయ్. లోపల కూసున్నోళ్ల తిట్లు మొదటిసారి పూరాగ వినొచ్చినయ్. వాటిని కూడ ఆడోళ్లు సంబురంగనే విన్నరు.

వారం తిరక్కుండనే, మొగోళ్లు షిఫ్టుకు, ఆడోళ్లు రేషను దుకాణానికి పోయిన పూట జేసీబీ వచ్చింది. మూడింటిని గీకి మోరీల పడేసింది. ఎవరూ లేని పూట ఇదేనని వాళ్లకెట్ల తెలిసింది?

అదే సాయంత్రం జైరాంను, మంగమ్మను ఠాణాకు పిలిచిన్రు. "పార పట్టింది నువ్వు. సిమెంటు కలిపింది నువ్వు," అని ఎస్సై కండ్లతోని చూసినట్టు చెప్పిండు. ఇంకోసారి వేస్తే లోపలేస్తనన్నడు. జానీ మియా పేరు మాత్రం ఎత్తలే.

అక్కణ్నించి బస్తీల గాలి మారింది.

సిమెంటు జానీదైతే జానీని ఎందుకు పిలవలే? కాలనీ పెద్ద గేటు చేసిందెవరు? జానీనే గద. మొన్న రామ్‌చందర్ కారు ఎవరి దుకాణం ముందర ఆగింది? ఒకరు అన్నది ఇంకొకరు విన్నరు, విన్నది ఇంకింత చేసి చెప్పిన్రు. జానీ దుకాణం కాడ చాయ్‌కు ఆగేటోళ్లు ఆగుడు బందైంది. "వాళ్లు మనోళ్లా?" అన్న మాట కూడ ఒకటి ఎక్కణ్నించో వచ్చి గల్లీల తిరిగింది. అంతకుముందు ఆ బస్తీల ఆ మాట ఎవరూ అనలే.

మంగమ్మది అసలే నమ్మే గుణం కాదు. పట్టా ఇప్పిస్తనన్న మాట నమ్మి మామ వేలిముద్ర వేస్తే, ఉన్న భూమే పోయిన ఇల్లు ఆమెది. అప్పటి నించి నవ్వుకుంట వచ్చినోడిని చూస్తే ముందుగాల చేతుల దిక్కు చూస్తది. ఆ అనుమానం ఇప్పుడు జానీ పెండ్లాం మలికా దిక్కు తిరిగింది. ఇద్దరు పక్కపక్కన కూసొని ఏండ్లకేండ్లు కాయలు ఒలిచిన్రు. ఒకనాడు మంగమ్మ తన గోనెపట్టా ఎత్తుకొని పోయి ప్రమీల పక్కన వేసుకున్నది. మలికా తలెత్తి చూసింది. మళ్ల తల దించుకొని తొడిమలు తుంచింది. ఆ చప్పుడు మంగమ్మ చెవులల్ల చాలాసేపు ఉన్నది.

రెండు రోజులకు రామ్‌చందర్ స్వయంగ బస్తీకి వచ్చిండు. కారు నడిపింది శ్రీనివాస్. బస్తీల అందరు శీన అని పిలిచే పిల్లగాడే, తల్లి చచ్చిపోయినంక ఆయన దగ్గర పనికి కుదిరిండు. నల్లా కాడ కుర్చీ వేసిన్రు. అందరు చుట్టు నిలబడ్డరు.

"భీమయ్యకు జరిగింది తెలిసి నాకు మనసున పట్టలే," అన్నడు రామ్‌చందర్. "మీరు స్పీడ్ బ్రేకర్లు అడిగిన్రు. గా ఉబ్బులు ఏం చేసుకుంటరు? నేను సీసీ రోడ్డే పోయిస్త. మోరీల మీద బండలు, కంబం కంబానికి లైటు. పట్నం లెక్క చేస్త."

కొందరి మొఖాలు విప్పారినయ్. వానాకాలం బురదల నడిచినోళ్లు, ఎందుకు విప్పారవు? బద్యా చేతులు జోడించబోయిండు.

"ఒక్కటే. అందరు సంతకం పెట్టాలె. అరుగులు, మెట్లు కొద్దిగ లోపలికి జరుగుతయ్."

"కొద్దిగంటే ఎంత సారూ?" అడిగింది మంగమ్మ.

"కొద్దిగనే అమ్మా."

"మా ఇంటికి అరుగు తీస్తే మిగిలేది గోడనే. సరే, ఇంకొకటి చెప్పుండ్రి. రోడ్డు నున్నగ, వెడల్పుగ అయితే కారు మెల్లగ పోతదా, జోరుగ పోతదా?"

ఎవరో కిసుక్కున నవ్విన్రు. రామ్‌చందర్ కూడ నవ్విండు. "అన్నింటిని అనుమానపడితే బస్తీ ఎట్ల బాగుపడ్తది? మీలనే తెలివైనోళ్లు ఒప్పుకున్నరు. మీ జానీ మియాను అడుగుండ్రి."

గుంపంత ఒక్కసారి అటు తిరిగింది.

"నేనా?" అన్నడు జానీ మియా. "నేనెప్పుడు ఒప్పుకున్న?"

"అందుకేనా నిన్ను ఠాణాకు పిలవలే?" జైరాం ఉరికొచ్చి ఆయన అంగీ పట్టుకున్నడు. వెనకనించి నెట్టుడు మొదలైంది. మలికా నడుమ జొరబడి రెండు చేతులతోని మొగుణ్ని కప్పి నిలబడ్డది. ఆమె వేళ్లు మిరప ఘాటుకు ఎర్రగ వాచి ఉన్నయ్. తన వేళ్లు కూడ గట్లనే ఉన్నయని మంగమ్మకు తట్టింది.

ఆమె రామ్‌చందర్ దిక్కు చూసింది. ఆయన కాలు మీద కాలేసుకొని కూసున్నడు, వద్దని ఒక్క మాట అంటలేడు. ఇంతమందిల ఆయన నోటికి జానీ పేరే ఎందుకొచ్చింది? బస్తీ గుసగుస ఆయన చెవుల దాంక ఎట్ల పోయింది?

"జైరాం, చెయ్యి తియ్," అన్నది. వాడు తియ్యలే. "తియ్‌రా." తీసిండు.

"ప్రమీలా, జానీ భాయ్ ఠాణాల చెప్పిండని నాకు చెప్పింది నువ్వు. నీకెవరు చెప్పిన్రు?"

"ఇప్పుడెందుకక్కా అది?"

"ఇప్పుడే గావాలె."

ప్రమీల నసిగింది. "బద్యా తాత అన్నడు."

"తాతా, నీకు?"

ముసలాయన కర్ర నేల మీద తిప్పిండు. "నేను కండ్లతోని చూసిన్నానే? విన్న."

"ఎవరి నోట?"

"మన శీనే. మనోడే గద, అబద్ధమెందుకు చెప్తడనుకున్న."

"నాకు కూడ శీననే చెప్పిండు," అన్నడు ఒక ఆటో డ్రైవరు. "నాకు కూడ," అన్నది వెనకనించి ఒకామె. 'వాళ్లు మనోళ్లా' అన్న మాట కూడ ఆ నోటనే విన్నమని ఇద్దరు ముగ్గురు ఒకరి మొఖం ఒకరు చూసుకుంట చెప్పిన్రు.

శ్రీనివాస్ కారుకు ఒరిగి నిలబడి ఉన్నడు.

"శీనూ, మరి నీకెవరు చెప్పిన్రు బిడ్డా?" అడిగింది మంగమ్మ.

శ్రీనివాస్ నోరు తెరవకముందే వాని కండ్లు రామ్‌చందర్ మీదికి పోయినయ్. ఆ చూపు బస్తీ అంత చూసింది.

రామ్‌చందర్ లేచిండు. "ఇంత మంచి చేద్దామని వస్తే..." అనుకుంట కారెక్కిండు. గల్లీలకెళ్లి కారు తియ్యడానికి శ్రీనివాస్ రెండుసార్లు తప్పు గేరు వేసిండు.

అంగీ సదురుకుంట జానీ మియా అన్నడు: "కాలనీ గేటు నేను చేసిన, అవ్. అది నా పని. మొన్న ఆ కారు నా దుకాణం కాడ ఆగింది, అది కూడ నిజమే. ఈ సంతకం కోసమే వచ్చిండు. కాదన్న. కాదన్న సంగతి మీకు చెప్దామంటే నా దుకాణం కాడ ఎవరు ఆగిన్రు?"

జైరాం తల దించుకున్నడు. "భాయ్, తప్పైంది."

"తప్పు సంగతి తర్వాత. కారు ఎట్ల ఆపుదాం?"

ఆ రోజు వాదన చాన సాగింది. సిమెంటు వేస్తే గీకేస్తరు. ఇనుప కంబాలు పాతుదామన్నడు జానీ. నడిచేటోళ్లు, సైకిళ్లు, బైకులు, తోపుడు బండ్లు పోవాలె, కారు పోవద్దు.

"అంబులెన్సు రావాలంటే? భీమయ్య గతి ఇంకొకరికి పడితే?" అన్నది ప్రమీల.

"నడిమి కంబం లేపి తీసేటట్టు చేస్త. తాళం పెడ్త."

"తాళంచెవి ఎవరి దగ్గర?"

అందరు మంగమ్మ దిక్కు చూసిన్రు. ఆమె తల అడ్డంగ ఊపింది. "నా దగ్గర వద్దు. ఒక్కరి దగ్గర అసలే వద్దు. ఒక్కరిని కొనొచ్చు, ఒక్కరిని బెదిరియ్యొచ్చు. నేను మలికాను వదిలి గోనెపట్టా ఎత్తుకపోయిన దాన్ని, నన్నెట్ల నమ్ముతరు? కాయలు ఒలిచే కాడ గంప అడుగున పెడదాం. ఎవరు తీసినా పదిమంది చూస్తరు."

మరునాడు ఆమె గోనెపట్టా తెచ్చి మలికా పక్కన వేసింది. మలికా జరగలే. "నువ్వు పట్టా ఎత్తుకపోయిన్నాడు ఎందుకని అడగలేదక్కా," అన్నది. "ఎందుకొచ్చినవని కూడ అడగ. కూసో."

శుక్రవారం నమాజు అయినంక, షిఫ్టు దిగినోళ్లు అట్లనే పార పట్టిన్రు. పట్టపగలు, అందరు చూస్తుండంగ గుంతలు తవ్విన్రు. మంగమ్మ మొదటి గుంత తవ్వింది. పోయినసారి ఎవరు ఏం చేసిన్రో చెప్పడానికి ఒక్కడు సరిపోయిండు. ఈసారి చెయ్యి పెట్టనోడు బస్తీల లేడు. భీమయ్య కూడ మంచం మీద పండుకొనే, పక్కకు తెచ్చిచ్చిన కంబానికి ఎర్ర రంగు పూసిండు.

తెల్లారి ఆఫీసుల టైముకు కాలనీ కార్లు వచ్చి కంబాల కాడ ఆగినయ్. హారన్లు మోగినయ్. కంబాల ఇవతల ఆడోళ్లు కుప్పలు పోసుకొని కాయలు ఒలుస్తున్నరు, తలెత్తలే. కార్లు ఒకటెనక ఒకటి వెనక్కి పోయి చుట్టు తోవ పట్టినయ్. ఆ పూట గల్లీల పిట్టల చప్పుడు వినొచ్చింది.

జీపు మధ్యాహ్నం వచ్చింది.

"పబ్లిక్ రోడ్డు మూస్తరా?" అన్నడు ఎస్సై.

"మూయలే సారూ. నడవండ్రి, ఎవరొద్దన్నరు?" అన్నది మంగమ్మ. "కాలనీ వాళ్లకు గేటున్నది గద?"

"అది ప్రైవేటు."

"గేటు పెడితే ప్రైవేటయితదని వాళ్ల కాడనే నేర్చుకున్నం."

"ఎవరు పాతిన్రు?"

ఎస్సై చూపు గుంపు మీద తిరిగి జానీ మియా కాడ ఆగింది. "వెల్డింగు నీదే గద. ఎక్కు."

జానీ చెప్పులు తొడుక్కున్నడు. మలికా ఆయనకు రుమాలు ఇచ్చింది. ఆయన జీపు మెట్టు మీద కాలు పెట్టకముందే మంగమ్మ ఎక్కి లోపల కూసున్నది.

"నిన్నెవరు ఎక్కమన్నరు?"

"కంబం ఆయనదైతే గుంత నాది. రెండూ లేకుంట కంబం నిలబడదు."

జీపు వెనక్కి మళ్లింది. ముందర జనం ఉన్నరు. ఎవరూ అడ్డం పడుకోలే, ఎవరూ రాయి ఎత్తలే. అందరు ఠాణా దిక్కే నడుస్తున్నరు. జైరాం, ప్రమీల, బద్యా, తాళంచెవి ఉన్న గంప నెత్తిన పెట్టుకొని మలికా, గల్లీ నిండ నడుస్తున్నరు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలే. ఒక్కరు తిరిగి చూడలే. ముసలి బద్యా ఎంత నడుస్తడో జీపు అంతే నడిచింది.

దారి మీద, కాలనీ మలుపు కాడ శ్రీనివాస్ నిలబడి ఉన్నడు. కొద్దిసేపు చూసి, గుంపు చివర కలిసి నడిచిండు. మనసు మారి కలిసిండా, పేర్లు పట్టుకపోతందుకు కలిసిండా, మంగమ్మకు తెలవలే. వాని చేతుల దిక్కు చూసింది. ఖాళీగ ఉన్నయ్. అయినా చూపు మరల్చలే.

పక్క బస్తీ మొదలైంది. అక్కడ కూడ గల్లీలకెళ్లి కార్లు దూరుతయ్. వాకిళ్లల్ల ఆడోళ్లు నిలబడి చూస్తున్నరు. జీపు మెల్లగ పోతున్నది గనుక ఒకామె దాని పక్కపొంటి నడుచుకుంట వచ్చి లోపలికి తొంగి చూసింది.

"భాయ్, మా గల్లీకైతే ఎన్ని కంబాలు పడ్తయ్?"

"మాట్లాడొద్దు," అన్నడు ఎస్సై.

జానీ మియా ఆయన దిక్కు చూడలే. "మీ గల్లీ వెడల్పెంతమ్మా?"

ఆమె ఆగింది. వెనక్కి పోయి, పక్కింటామెను పిలిచింది. ఇద్దరు చెరొక గోడకు ఆనుకొని నిలబడి, నడుమ చీర కొంగు గుంజి పట్టి గల్లీని కొలవబట్టిన్రు.