గోడసంచిలో పెసలు

తెల్లవారుతూనే ఆ ఇంట్లో ముందు లేచేది గోడ. ధబ్, ధబ్, ధబ్. చెక్‌మాన్ గోడకు బిగించిన సంచిని గుద్దుతుంటే, ఇవతల వంటింట్లో గంజి కలిపే తల్లి హోయ్‌టాంగ్ గరిటె ఆ వరసకే తిరిగేది. ఒక్క దెబ్బ ఆలస్యమైతే చాలు, వేలు విరిగిందేమోనని ఆమె గుండె జారిపోయేది.

ఫోషాన్ ఊరి తల్లులకు పిడికిళ్ళు కొత్త కాదు. ఆమె మొగుడూ లుక్ గురువు సాముశాలలోనే ఆ విద్య నేర్చాడు. అంగుళం దెబ్బ అంటారు దాన్ని. చెయ్యి వెనక్కి తీయకూడదు, ఊపకూడదు. ఎదుటివాడి రొమ్ముకి అంగుళం దూరంలో పిడికిలి నిలిపి, మడమలోంచి, నడుములోంచి తెచ్చిన బలమంతా అక్కడికక్కడే ఒక్క విదిలింపులో లోపలికి పంపాలి. దానికి గోడసంచే బడి. మొదట పెసలు, తర్వాత ఇసుక, చివరికి ఇనప గుళ్ళు. ఎప్పుడు ఏది నింపాలో గురువు చెబుతాడు. నింపి కుట్టేది మాత్రం ఇంటి ఆడది.

ఇనుము మీద పదేళ్ళు గుద్దిన మొగుడి చేతిలో నలభై రాకముందే అన్నం తినే పుల్లలు నిలిచేవి కావు. దగ్గు జబ్బుతో పోయే ముందురోజు, కళ్ళు మూసుకుని పడుకున్న ఆయన అరచేతిలో ఆమె తన చెంప ఆనించింది.

"ఎక్కడున్నావే?" అని అడిగాడాయన. ఆ చేతికి చెంప తెలియలేదు.

అందుకే, ఆర్నెల్ల కింద కొడుక్కి గురువు ఇనప గుళ్ళు పంపినప్పుడు ఆమె తలుపు గడియ పెట్టుకుంది. గుళ్ళు సంచి అడుగున పోసింది. పిడికిలి తగిలే చోటంతా పెసలే నింపి, మూడు వరసలు కుట్టు వేసింది. షివాన్ బట్టీలో మట్టి బొమ్మలకు కళ్ళూ ముక్కూ దిద్ది కూడు తెచ్చే కొడుకు చెయ్యి అది. అది కూడా మొద్దుబారితే?

"మన సంచి పలకదేంటమ్మా? పక్కింటి వాళ్ళది గలగలమంటుంది," అన్నాడు చెక్‌మాన్ ఓసారి.

"మన గుడ్డ మందం నాయనా. వాళ్ళది పిసినిగొట్టు గుడ్డ."

నమ్మాడు. అమ్మ మాట కదా.

ఇప్పుడు గురువు పుట్టినరోజు నాలుగు రోజుల్లోకి వచ్చింది. గురువు సొంత మనిషిగా లోపలి గదిలోకి అడుగుపెట్టే శిష్యుడు ఆరోజు, పెద్దల పటాల కింద వేలాడే పాత సంచిని అందరి ముందూ అంగుళం నుంచి గుద్దాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇనుము తుప్పుపట్టి రాయైపోయిన సంచి. ఈ ఏడు పిలుపు చెక్‌మాన్‌కి వచ్చింది.

"ఇంకేం వదినా, కొడుకు గొప్పోడయ్యాడు, మమ్మల్ని గుర్తుపడతావా!" అంటూ పక్కింటి కువాన్ భార్య గుమ్మంలోనే చతికిలబడింది. "అన్నట్టు, బియ్యం కొట్టు వాళ్ళబ్బాయి గుర్తున్నాడా? ఇసుక దాటకుండానే దాటానని చెప్పి ఆ సంచిని గుద్దాడు. మణికట్టు పుటుక్కుమంది. ఇప్పటికీ ఎడంచేత్తోనే తింటాడు పాపం."

హోయ్‌టాంగ్ లోపలికి వెళ్ళి గోడసంచిని తడిమింది. మూడు రోజులు ఆమెకు మెతుకు దిగలేదు. చెబితే కొడుకు దూరమవుతాడు, చెప్పకపోతే చెయ్యి పోతుంది. నాలుగోనాడు పొద్దున అతను గంజి తాగుతుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒరేయ్, ఆ సంచిలో ఇనుము లేదురా."

"ఏంటీ?"

"అడుగున ఉంది. నీ చెయ్యి తగిలేచోట పెసలు."

అతను గిన్నె దించాడు. సంచిని మేకుల్నించి ఊడబీకి, తల్లి చెయ్యి పట్టుకుని సరాసరి శాలకు నడిపించాడు.

లుక్ గురువు కుట్టు విప్పించి సంచిని బల్ల మీద బోర్లించాడు. పిడికిలి తగిలే వైపు పెసలు పెసల్లాగే, పచ్చగా, గుండ్రంగా ఉన్నాయి. గోడవైపు ఉన్నవి మాత్రం పిండి. మెత్తగా జల్లించినట్టున్న పెసరపిండి. ముసలాయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"పైన గింజ చెదరకుండా దెబ్బను లోపలికి పంపావురా," అన్నాడు శిష్యుడితో. "నీ అయ్యకి ఇది పదేళ్ళకీ రాలేదు. దెబ్బ వచ్చింది, చెయ్యే ఇంకా పచ్చిది. ఈ ఏడు ఆ సంచి ముట్టుకోకు."

హోయ్‌టాంగ్ ఊపిరి తీసుకుంది. గురువు ఆమె వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, నా తమ్ముడి లాంటి వాడి భార్యవి, నిన్నేమీ అనను. కానీ ఇక సంచి నువ్వు కుట్టొద్దు. వీడు బట్టీ పని అయ్యాక ఇక్కడికే వస్తాడు. ఇక్కడే తింటాడు, ఇక్కడే పడుకుంటాడు. మూడేళ్ళు."

"మూడేళ్ళా!" ఆమె కొడుకు వైపు చూసింది. "నువ్వు చెప్పరా."

చెక్‌మాన్ బల్ల మీది పిండిని అరచేత్తో ఒక పక్కకు ఊడ్చాడు. "నా మంచికే చేశావులే అమ్మా," అన్నాడు. "ఇంకెప్పుడైనా మన గుడ్డ మందం అంటే నేను నమ్మలేను."

ఇంట్లో గోడ లేవడం మానేసింది. మేకులు నాలుగూ అలాగే ఉన్నాయి. గంజి ఒక రోజు మాడింది, ఒక రోజు పొంగింది. గరిటె ఎంతసేపు తిప్పాలో ఆమెకు తెలిసేది కాదు.

ఇప్పుడు పొద్దున్నే కూరగాయల బుట్టతో శాల వీధి గుండా వెళుతుంది, సంతకు అది చుట్టుదారే అయినా. వేళ్ళకు రుద్దుకునే మందుసారా సీసాను గడప మీద పెడుతుంది. నిన్నటిది ఖాళీగా ఉంటే బుట్టలో వేసుకుంటుంది. లోపల ఇరవై పిడికిళ్ళ చప్పుడు. ఆమె గోడకు చెవి పెట్టకుండానే వాడిది ఏదో పట్టేస్తుంది. మూడు దెబ్బలు, ఒక ఊపిరి, మళ్ళీ మూడు.

ఈరోజు రెండు దెబ్బలకే ఆగింది.

విరిగిందా? ఏ వేలు? బొటనవేలైతే బొమ్మలెలా చేస్తాడు? గడప దాటి ఆడవాళ్ళు పోకూడదు. బుట్ట పిడిని రెండు చేతులా బిగించి పట్టుకుని ఆమె నిలబడింది. దారిన పోయేవాళ్ళు ఆమెను తప్పుకుని వెళుతున్నారు.

మూడోది వినబడింది.

హోయ్‌టాంగ్ ఖాళీ సీసా తీసుకుని సంతకు నడిచింది. ఒక మనిషికి సరిపడా కూర కొనాలి.